ఏదీ పీల్చుకోని పాత్ర

క్యాసరోల్ అనే మాట మన ఇళ్ళలోకి వచ్చేసరికి దాని అర్థమే మారిపోయింది. మనకి క్యాసరోల్ అంటే ప్లాస్టిక్ డొక్కలో స్టీలు గిన్నె బిగించి, చపాతీలు చల్లారకుండా దాచే డబ్బా. పెళ్ళికి కానుకగా నాలుగొస్తే అందులో మూడు అటకెక్కేవి. ఆ మాట పుట్టిన దేశాల్లో మాత్రం అది మంటని ఓర్చుకునే దళసరి మూతగిన్నె. అందులోనే వండుతారు, వండినదాన్ని అలాగే తెచ్చి భోజనాల బల్ల మీద పెడతారు. అమెరికాలో 1950లు, 60ల నాటి పైరెక్స్ గాజు గిన్నెలనీ, కార్నింగ్‌వేర్ తెల్ల గిన్నెలనీ ఊరూరా వెతికి కొనేవాళ్ళు ఉన్నారు. ఏ బొమ్మ ఏ సంవత్సరంలో వచ్చిందో వాళ్ళకి కంఠతా వచ్చు.

మన దగ్గర ఆ మోజుకి దగ్గరగా వచ్చే వస్తువు జాడీ. పైభాగం గోధుమరంగు, కిందిభాగం పాలమీగడ రంగు, మెడ దగ్గర వాసెన కట్టడానికి వీలుగా చిన్న గాడి. హైదరాబాద్ ఫ్లాట్లలో టీవీ పక్కన, మనీప్లాంట్ మోస్తూ ఈమధ్య చాలాచోట్ల కనిపిస్తోంది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో, ఇన్‌స్టాగ్రామ్ అమ్మకాల్లో దొరుకుతోంది. ఫోటో కింద సాధారణంగా రెండే మాటలుంటాయి: అమ్మమ్మ జాడీ.

ఆ రెండు మాటలతోనే నాకు పేచీ. అబద్ధమని కాదు, అక్కడితో ఆగిపోతున్నాయని. జాడీ పైన ఉండే గాజులాంటి పూతకి ఒక గుణం ఉంది: అది ఏదీ పీల్చుకోదు. నూనె, ఉప్పు, వాసన, రంగు ఏవీ లోపలికి దిగవు. గోదావరి ఇళ్ళలో ఆ పాత్రకి అంత మర్యాద దక్కింది ఆ గుణం వల్లే. తోమి ఎండబెడితే అది ఎవరి ఇంట్లో, ఎవరి చాకిరీతో, ఎవరి డబ్బుతో నిండిందో ఒక్క మరక కూడా మిగలనిది కూడా ఆ గుణం వల్లే. కాబట్టి ఆ మరకల్ని మనమే వెతికి చూడాలి.

*

ముందు పీల్చుకునే పాత్రల సంగతి. డెల్టాలో చాలాకాలం వంటపాత్ర అంటే మట్టిదే. అన్నానికి కుండ, కూరకి చట్టి, పులుసుకి దాక. వరదల కాలంలో సముద్రంలోంచి గోదావరికి ఎదురీదే పులస చేపని మట్టిదాకలోనే వండాలని ఇప్పటికీ పట్టుబట్టేవాళ్ళున్నారు. అందులో చాదస్తం కంటే భౌతికశాస్త్రమే ఎక్కువ. దాక దళసరిగా ఉంటుంది, వేడి మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. సన్నసెగ మీద పులుసు మరిగించి, పొయ్యి ఆర్పాక ఆ వేడిలోనే వదిలేసి మర్నాడు తింటారు. క్యాసరోల్ చేసే పని సరిగ్గా అదే.

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రేకు తయారయ్యేది కూడా కుండ మీదే. కుండని బోర్లించి లోపల మంట పెడతారు. పల్చటి బియ్యప్పిండి పాలలో ముంచిన గుడ్డని కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతారు. క్షణాల్లో కాగితం కంటే పల్చటి రేకు లేస్తుంది. అవెన్ ఎరగని ఊళ్ళో బేకింగ్ పాత్ర ఏదంటే నేను ఆ కుండనే చూపిస్తాను.

ఈ పాత్రలన్నిటికీ ఒక హద్దు ఉంది. కుమ్మరి ఆవంలో వేడి సుమారు 700 నుంచి 900 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికి మట్టి గట్టిపడుతుంది తప్ప, రేణువులు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోవు. మధ్యలో కంటికి కనిపించని సందులు మిగిలిపోతాయి. కుండలో నీళ్ళు చల్లబడేది ఆ సందుల్లోంచి చెమ్మ బయటికొచ్చి ఆవిరవడం వల్లే. దాకకి పులుసు వాసన పట్టేదీ వాటివల్లే. అదే కుండలో ఆవకాయ పెట్టి ఏడాది ఉంచితే నూనె బయటికి ఊరుతుంది. ఉప్పునీరు సందుల్లో చేరి, ఆరినప్పుడు గడ్డకట్టి, కుండ గోడనే పెచ్చులు పెచ్చులుగా రాలగొడుతుంది.

మరి ఇంకా ఎక్కువ కాలిస్తే? 1200 డిగ్రీల దాకా తీసుకెళితే మట్టిలో కొంత భాగం గాజుగా మారి సందులు పూడిపోతాయి. దాన్నే స్టోన్‌వేర్ అంటారు. జాడీ ఆ జాతిదే. కానీ డెల్టా ఒండ్రుమట్టి అందుకు పనికిరాదు. అందులో ఇనుము ఎక్కువ, అంత వేడికి ఉబ్బి వంగిపోతుంది. ఆ వేడికి నిలబడే తెల్లని మట్టి డెల్టా అంచు దాటి మెట్టకెక్కితే దొరుకుతుంది. ద్వారకా తిరుమల చుట్టుపక్కల తవ్వే బాల్ క్లే పింగాణీ పరిశ్రమకి బాగా తెలిసిన సరుకు. మట్టి ఇక్కడిదైనా గోదావరి కుమ్మరి ఆవంలో జాడీ పుట్టలేదు. చునార్, ఖుర్జా లాంటి చోట్ల ఉన్న కుమ్మరి కేంద్రాల నుంచో, బ్రిటిష్ కాలంలో వెలిసిన రాణీపేట లాంటి ఫ్యాక్టరీ ఊళ్ళ నుంచో ఇలాంటి సరుకు దేశమంతా తిరిగింది. కుండని ఊళ్ళో ధాన్యం కొలిచి తెచ్చుకోవచ్చు. జాడీకి మాత్రం డబ్బు కావాలి. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, ముందుముందు అవసరమవుతుంది.

*

డబ్బు పెట్టి ఎందుకు కొన్నారు? పులుపు కోసం. మన వంటలో చింతపండు, మామిడి, నిమ్మ, ఉసిరి లేని రోజు ఉండదు. వాటికి లోహంతో పడదు. రాగికీ ఇత్తడికీ చిలుము పడుతుంది, అది విషం. అందుకే వీధుల్లో కళాయి వేసేవాళ్ళు తిరిగేవారు. ఇనుములో పులుసు నల్లబడుతుంది. అల్యూమినియం గిన్నెలో ఉప్పూ పులుపూ కలిపి నిలవుంచితే సన్న తూట్లు పడతాయి. స్టీలు రాకముందు పులుసుకి రాచ్చిప్ప ఉండేది. మెత్తటి రాతిని తొలిచి చేసిన ఆ పాత్ర పులుపుకి లొంగదు, దించాక కూడా చాలాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. ఊరగాయలు కొన్ని ఇళ్ళలో దాన్లోనే ఉండేవి. కాకపోతే బరువు ఎక్కువ, మూత కుదరదు, ఏడాదికి సరిపడా సరుకు పట్టేంత పెద్దది దొరకదు.

జాడీ ఈ లెక్కలన్నీ సరిచేసింది. ఆవకాయ పనిచేసే తీరు చూస్తే అది తెలుస్తుంది. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. ఆ ఊటలో ఉప్పూ పులుపూ కలిసి క్రిములు బతకలేనంత ఘాటుగా తయారవుతాయి. పైన తేలే నువ్వులనూనె గాలిని ఆపుతుంది. మూడోరోజు తిరగేసి కలపడం ఊట అన్ని ముక్కలకీ అందడానికి. ఈ మూడు పనులూ ఏడాదిపాటు చెడకుండా సాగాలంటే గోడ దేనితోనూ కలవకూడదు, చెమ్మని రానివ్వకూడదు, వెలుతురుని రానివ్వకూడదు. ఇందులో గాజుసీసా మొదటి రెండే చేస్తుంది. వెలుతురు తగిలితే నూనె త్వరగా సిక్కు వాసన వేస్తుంది, కారం రంగు వెలుస్తుంది. జాడీ మూడూ చేస్తుంది.

ఇక ఆ రెండు రంగుల చొక్కా. అది మన సంప్రదాయ రంగుల కలయిక అనుకోవడం తేలికే. 1835 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో విలియం పావెల్ అనే కుమ్మరి ఒక కొత్త పూత తయారుచేశాడు. ఒక్కసారి కాలిస్తే చాలు, నున్నగా వస్తుంది, పైగా అందులో సీసం లేదు. పాత్రని కిందనుంచి తెల్ల పూతలో, పైనుంచి పసుపు గోధుమ పూతలో ముంచేవారు. జింజర్ బీరు సీసాలు, సారా జాడీలు ఆ వేషంలోనే సామ్రాజ్యమంతా ప్రయాణం చేశాయి. మన ఆవకాయ జాడీ తొడుక్కున్నది ఆ తరహా చొక్కానే. పింగాణీ అనే మాటకి కూడా పారసీక భాషలో గిన్నెని సూచించే పింగాన్‌తో చుట్టరికం చెబుతారు. అచ్చ తెలుగు రుచిని దాచేది ఇంత కలగాపులగపు పాత్ర. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆవకాయలో కారం మాత్రం ఎక్కడిది? మిరప వచ్చింది అమెరికా ఖండాల నుంచి, పోర్చుగీసు ఓడల్లో.

*

పూతపూసిన జాడీకీ, ఊరవేసిన మామిడికీ, సముద్రానికీ ఉన్న బంధం బ్రిస్టల్ కంటే చాలా పాతది. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా చైనా వైపు వెళ్తూ దారిలో ఒక రాకుమార్తె తనకిచ్చిన కానుకల జాబితా రాసుకున్నాడు. అందులో నాలుగు మర్తబాన్లు ఉన్నాయి: అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి ఉప్పులో ఊరవేసి, ఓడ ప్రయాణానికి నిలవుండేలా నింపిన పెద్ద జాడీలు. మర్తబాన్ అనేది బర్మాలో సాల్వీన్ నది ముఖద్వారం దగ్గరున్న రేవు. అక్కణ్ణుంచి ఎగుమతయ్యే జాడీలకి ఆ ఊరి పేరే స్థిరపడింది. ఉర్దూ, హిందీల్లో ఊరగాయ జాడీని ఇప్పటికీ మర్తబాన్ అనే అంటారు. ఆ జాడీలు ఓడల్లో నీళ్ళకీ, నూనెకీ, ఊరవేసిన తిండికీ డ్రమ్ముల్లా పనికొచ్చేవి.

మన తీరం ఆ దారిలోనే ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో పరదేశ వర్తకులకి అభయమిస్తూ శాసనం వేయించాడు. నెల్లూరు జిల్లా కొత్తపట్నం తవ్వకాల్లో 13, 14 శతాబ్దాల చైనా పింగాణీ ముక్కలు బయటపడ్డాయి. తర్వాత డచ్చివాళ్ళు పాలకొల్లు, నరసాపురాల్లో, ఫ్రెంచివాళ్ళు యానాంలో, ఇంగ్లీషువాళ్ళు మాధవాయిపాలెం, ఇంజరంలలో కొట్లు పెట్టి బట్టలు కొన్నారు. యానాం పక్కనే కోరంగి. ఓడలు కట్టడానికీ బాగుచేయడానికీ పేరుపడ్డ ఆ రేవుని 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన ఊడ్చేసింది. వర్తకం మెల్లగా కాకినాడకి జరిగింది. కానీ కోరంగి పేరు పోలేదు. సముద్రం దాటి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళందరికీ అక్కడ పడ్డ పేరు కోరంగీలు.

ఇక్కడే కథలో రెండు దారులు చీలుతాయి. ఒకటి డెల్టాలోపలి దారి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవలొచ్చాయి, వరి పెరిగింది, మండువా లోగిళ్ళు లేచాయి. పెద్ద జాడీ ఆ ఇళ్ళ వస్తువు. లెక్కేసుకుని చూడండి. ఏడాది ఆవకాయకి ఒకే వారంలో వందల కాయలు కావాలి. కొత్తపల్లి కొబ్బరి లాంటి పుల్లకాయకి సొంత తోటో, తోటలో వాటాయో ఉండాలి. కుంచాల్లో కొలిచే ఉప్పు, కారం, ఆవపిండి, డబ్బాల్లో నూనె ఒక్కసారిగా కొనగలగాలి. ఆ కాయలు తుడిచి, కొట్టి, జీడితీసి, పొర ఒలిచే చేతులు పది ఉండాలి. పొలం లేనివాడి ఇంట్లో రోజుకి సరిపడా పచ్చడి నూరుకోవడమే ఉంటుంది. మనిషెత్తు ఉట్టి, మోకాలెత్తు జాడీ మిగులు ఉన్న ఇళ్ళ గుర్తులు. పెద్ద జాడీలోంచి చద్దన్నంలోకి ఇంత ముక్క పాలేరు చేతిలో పడేది. అదీ పై నుంచి.

రెండో దారి రంగం దారి. రంగూన్‌ని మన తాతలు రంగం అనేవారు. ఆనకట్ట నీళ్ళు అందరి పొలాలకీ చేరలేదు, అందరికీ పొలాలూ లేవు. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి వేలమంది మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని కాకినాడ, విశాఖ రేవుల్లో స్టీమరెక్కేవారు. రంగూన్ రేవులో మూటలు మోసిందీ, రైసుమిల్లుల్లో పనిచేసిందీ, రిక్షాలు లాగిందీ ఎక్కువగా తెలుగువాళ్ళే. 1930 మే నెలలో కూలిపెంపు కోసం రేవులో సమ్మె చేసినప్పుడు వాళ్ళ స్థానంలో బర్మీయులని పెట్టుకున్నారు. సమ్మె తేలాక బర్మీయులని వెళ్ళగొట్టేసరికి గొడవ రాజుకుని తెలుగు కూలీల మీద మారణకాండగా మారింది. 1941 డిసెంబర్ 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. లక్షలమంది భారతీయులు కాలినడకన అడవుల గుండా అస్సాం, మణిపూర్ వైపు నడిచారు. దారిలో ఎంతోమంది పోయారు. ఆ నడకలో జాడీ మోసుకొచ్చినవాడు ఉండడు. 1942 ఏప్రిల్ 6న బాంబులు కాకినాడ దాకా వచ్చాయి. 1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కాక మరో విడత జనం తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు కలెక్టర్ల బజారుకి రండి. దక్షిణాదిలో పాత జాడీలకీ, ఎనామిల్ సామానుకీ పేరుపడ్డ చోటు కారైకుడి. అక్కడి పాత సామాన్ల వీధిలో బర్మా టేకు తలుపులు, విదేశీ పింగాణీ, రకరకాల జాడీలు వరసగా పెట్టి ఉంటాయి. అవి చెట్టియార్ల మేడల్లోంచి వచ్చినవి. చెట్టియార్లు కూడా బర్మా వెళ్ళినవాళ్ళే, కాకపోతే అప్పులివ్వడానికి. మాంద్యంలో అప్పులు తీరక, 1937 నాటికి దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో సుమారు నాలుగోవంతు భూమి వాళ్ళ చేతికొచ్చింది. ఒకే రేవు, ఒకే స్టీమరు, ఒకే కాలం. అప్పిచ్చినవాడి జాడీ యాంటిక్ అయింది. మూట మోసినవాడి వెనక అమ్మకానికి పెట్టే వస్తువేదీ మిగల్లేదు. పాత వస్తువుల ద్వారా చరిత్ర చదివేవాళ్ళు మొదట గుర్తించాల్సిన సంగతి ఇదనిపిస్తుంది. వస్తువులు మిగిలేది వాటిని దాచుకోవడానికి గది ఉన్న ఇళ్ళలోనే.

*

మూడో మరక మడి. పాత పద్ధతిలో పాత్రల శుద్ధికి ఒక లెక్క ఉంది. లోహానికి మైల అంటితే బూడిదో చింతపండో పెట్టి తోమితే పోతుంది. మట్టికి అంటితే పోదు, అది పీల్చుకుంటుంది గనక. అందుకే పురుడొచ్చినా, చావొచ్చినా వంటింటి కుండలు పారేసేవారు. ఎంగిలి సంగతీ అంతే. మరి పింగాణీ సంగతేమిటి? పుట్టుక మట్టిది, పైతొడుగు గాజుది. మట్టి లెక్కలో వేయాలా, లోహం లెక్కలో వేయాలా?

ఆచారం ఇచ్చిన జవాబు భలే విచిత్రంగా ఉంటుంది. పింగాణీ కప్పూ, పింగాణీ పళ్ళెం చాలా ఇళ్ళలో వంటింటి గడప దాటలేదు. అవి దొరలవి, హోటళ్ళవి, ఎంగిలివి. అదే మట్టితో, అదే పూతతో చేసిన జాడీ మాత్రం మడి అలమరలో దేవుడి తర్వాతి స్థానంలో కూర్చుంది. అవసరం ఉన్నచోట పూతని చూశారు, లేనిచోట మట్టిని చూశారు. నియమాలు ఎక్కడ వంగుతాయో కనిపెట్టాలంటే ఇలాంటి చిన్న వస్తువుల్ని చూడటం మంచిదని నాకనిపిస్తుంది.

నాకు తెలిసిన పెద్దజాడీలు అన్నిటికీ పక్కన ఒక చిన్నజాడీ ఉండేది. పెద్దదాన్ని తడిలేని మడిచేత్తో నెలకోసారి తెరిచి చిన్నదాంట్లోకి తీసేవారు. రోజూ తెరిచేది చిన్నదాన్నే. ఇందులో సగం శాస్త్రం: ఒక్క నీటిచుక్క పడితే ఉప్పు పలచనై బూజు పడుతుంది. మిగతా సగం శాస్త్రం కాదు. నెలసరిలో ఉన్న ఆడవాళ్ళు జాడీని తాకితే ఊరగాయ చెడుతుందనేవారు. వంటింట్లో ఆ జాడీని తోమి, ఎండబెట్టి, నింపిన చేతులే నెలకి మూడురోజులు దానికి అంటరానివయ్యేవి. వీధి చివర టీ హోటల్లో ఇదే తర్కం రెండు గ్లాసుల పద్ధతిగా నడిచేది: ఊళ్ళోవాళ్ళకి ఒక గ్లాసు, దళితులకి వేరే గ్లాసు, తాగాక ఎవరిది వాళ్ళే కడిగి పెట్టాలి. గాజు ఏదీ పీల్చుకోదని అందరికీ తెలుసు. పీల్చుకున్నది గ్లాసు కాదు.

*

1913లో అమెరికాలోని కార్నింగ్ అనే ఊళ్ళో బెస్సీ లిటిల్‌టన్ అనే ఆవిడ మట్టి క్యాసరోల్ పగిలిపోయింది. ఆవిడ భర్త జెస్సీ లిటిల్‌టన్ అక్కడి గాజు కంపెనీలో భౌతికశాస్త్రవేత్త. రైల్వే లాంతర్ల కోసం, బ్యాటరీల కోసం వాళ్ళు చేసిన గాజు వేడికీ చలికీ పగిలేది కాదు. బ్యాటరీ జాడీ అడుగుభాగం కోసి తెచ్చి ఇస్తే ఆవిడ అందులో కేకు కాల్చింది. ఆ పరీక్ష నుంచే 1915లో పైరెక్స్ బయటికొచ్చింది. అందులోని బోరోసిలికేట్ గాజు వేడికి మామూలు గాజులో మూడోవంతు మాత్రమే సాగుతుంది, కాబట్టి పగలదు. 1953లో అదే కంపెనీలో డోనాల్డ్ స్టూకీ ఒక గాజుముక్కని 600 డిగ్రీల దగ్గర వేడిచేయబోతే కొలిమి అదుపు తప్పి 900కి పోయింది. తీసి చూస్తే గాజు తెల్లబడి ఉంది. పట్టుకారు జారి కింద పడినా పగల్లేదు. కార్నింగ్‌వేర్ ఆ ముక్కకి వారసురాలు.

1965లో అమెరికా వలస చట్టం మారాక అక్కడికి చేరిన తెలుగు డాక్టర్లకీ ఇంజినీర్లకీ ఈ గిన్నెలు బాగా కలిసొచ్చాయి. చింతపండు పులుసు వేసినా చెక్కుచెదరదు, ఫ్రిజ్‌లోంచి తీసి మైక్రోవేవ్‌లో పెట్టొచ్చు. నీలిపువ్వుల కార్నింగ్‌వేర్‌లో ముద్దపప్పు, ఖాళీ అయిన జామ్ సీసాలో ఆవకాయ: ఆ తరం ఇళ్ళలో చాలామంది చూసే ఉంటారు. రంగం వెళ్ళినవాళ్ళకీ అమెరికా వెళ్ళినవాళ్ళకీ మధ్య తేడా ఏమిటంటే వీళ్ళు సామాను వెంట తెచ్చుకోగలిగారు.

అక్కడి కలెక్టర్ల పని తేలిక. గిన్నె అడుగున కంపెనీ ముద్ర, నంబరు ఉంటాయి. కంపెనీ పాత క్యాటలాగులున్నాయి. నేను డేటాబేసులతో బతికేవాణ్ణి కాబట్టి ఆ పట్టికలు చూస్తే ముచ్చటేస్తుంది, ప్రతి గడీ నిండి ఉంటుంది. అదే మన జాడీకి పట్టిక వేయబోతే తయారుచేసినవారు, సంవత్సరం, ఊరు అన్నీ ఖాళీ. చాలా జాడీలకి అడుగున ముద్రే ఉండదు. అయితే వాళ్ళ పట్టికలో లేని గడులు మనం నింపగలం, ఇంకా చెప్పగలిగినవాళ్ళు ఉన్నంతవరకు. ఎన్ని మానికలు పడుతుంది? ఎవరి డబ్బుతో కొన్నారు, వరి అమ్మిన డబ్బా, రంగం నుంచి వచ్చిన మనియార్డరా? కాయ కొట్టిందెవరు, కలిపిందెవరు? తాకకూడదన్నది ఎవర్ని? ఆస్తి పంచుకున్నప్పుడు ఎవరి వాటాకి వచ్చింది? ఒక మధ్యాహ్నం పెద్దవాళ్ళ పక్కన కూర్చుంటే ఇందులో సగం గడులు నిండుతాయి. అమ్మమ్మ జాడీ అన్న శీర్షికకి అప్పుడు అమ్మమ్మ కనిపిస్తుంది, ఆవిడ పక్కన ఉన్న మిగతా జనమూ కనిపిస్తారు.

పాత జాడీని వాడొచ్చా అని అడిగేవాళ్ళకి నా జవాబు: చూసి వాడొచ్చు. వేలికణుపుతో కొడితే ఖంగున మోగాలి. బొద్దుగా మోగితే ఎక్కడో బీట ఉన్నట్టే. లోపలి పూత మీద సాలెగూడులాంటి చీలికలుంటే ఊరగాయకి వద్దు, చెమ్మ అక్కడే చేరుతుంది. లోపల రంగురంగుల పూత ఉన్నవీ, ఎక్కడివో తెలియని తక్కువవేడి పింగాణీవీ అసలే వద్దు. కొన్ని పాత పూతల్లో, రంగుల్లో సీసం ఉంటుంది. అలాంటి పూత ఏదీ పీల్చుకోకపోయినా పులుపు తగిలితే తనలోని సీసాన్ని మెల్లగా వదులుతుంది. మిగతావాటిని వేడినీళ్ళతో కడిగి, రెండు రోజులు నిండా ఎండబెట్టి, మే నెలలో ముదురుకాయ దొరికినప్పుడు నింపండి. వాసెన కట్టేముందు ఒక చీటీ మీద తేదీ, కాయ పేరు, కొలతలు, కలిపినవాళ్ళందరి పేర్లు రాసి మెడకి కట్టండి. జాడీ తనంతట తాను ఏదీ గుర్తుపెట్టుకోదు.